తెర మీద మన ఇల్లు ఎక్కడ?

(ముస్లిం కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సినిమాల గురించి మాట్లాడమని మమ్మల్ని పిలిచినందుకు నిర్వాహకులకు కృతజ్ఞతలు. మేము సినిమా విమర్శకులం కాము. పండుగ సెలవుల్లో టికెట్టు కొని చూసేవాళ్ళం. ఆదివారం మధ్యాహ్నం టీవీలో పాత సినిమా వస్తే ఇంటిల్లిపాదీ కూర్చునేవాళ్ళం. అటువంటి మామూలు ప్రేక్షకులకు కూడా కొన్ని అభిప్రాయాలు ఉంటాయి. వాటిని మీ ముందు ఉంచుతున్నాము.

సినిమా చూడడమే తగదని భావించే పెద్దలు మనలో ఉన్నారు. వారి అభిప్రాయాన్ని గౌరవిస్తున్నాము. అయితే మనం చూడకపోయినా మన పొరుగువారు చూస్తారు. మనకు ఇల్లు అద్దెకు ఇవ్వవలసిన యజమాని చూస్తాడు, ఉద్యోగానికి మనల్ని ప్రశ్నించే అధికారి చూస్తాడు, మన పిల్లవాడి పక్క బల్ల మీద కూర్చునే పిల్లవాడు చూస్తాడు. మనల్ని ఎన్నడూ దగ్గరగా ఎరుగనివారు మన గురించి తెలుసుకునేది చాలావరకు తెర మీదనే. విడుదలైన మరుసటి వారం బడిలో మన బిడ్డను ఆ సినిమాలోని ఉగ్రవాది పేరుతో పిలిస్తే, ఆ బిడ్డ ఇంటికి వచ్చి ఏమీ చెప్పకుండా అన్నం మానేస్తే, అది సినిమా చూడని ఇంటి సమస్య కూడా అవుతుంది. అందువల్ల ఈ విషయం మాట్లాడుకోక తప్పదు.

ముందు పాత సినిమాలను తలచుకుందాం. తెలుగు తెర తొలినాళ్ళలో ముస్లిం పాత్రలంటే ప్రేమకథలే. 1949లో 'లైలా మజ్ను' వచ్చింది. 1955లో 'అనార్కలి' వచ్చింది. అక్కినేని నాగేశ్వరరావు గారు మజ్నూగా, సలీంగా కనిపించినప్పుడు తెలుగు ప్రేక్షకులు కన్నీరు పెట్టుకున్నారు. ఆ పాత్రల మతం ఎవరికీ అడ్డు రాలేదు. అందుకు సంతోషించవలసిందే. అయితే వాళ్ళు ఎడారిలోనో, మొఘలుల కోటలోనో ఉన్నవారు. గుంటూరులో పరుపులు కుట్టే దూదేకుల సాయిబు, నిజామాబాదులో బీడీలు చుట్టే తల్లి అప్పటికి తెర మీదికి రాలేదు.

ఆ తరువాత ప్రాణస్నేహితుడు వచ్చాడు. 'జంజీర్' చిత్రాన్ని 1974లో 'నిప్పులాంటి మనిషి'గా తీసినప్పుడు కైకాల సత్యనారాయణ గారు వేసిన షేర్‌ఖాన్ పాత్రను మన పెద్దలు ఈనాటికీ మరచిపోలేదు. మాట ఇస్తే తప్పనివాడు, దోస్తు కోసం ప్రాణమిచ్చేవాడు. చూస్తున్నప్పుడు మనకు గర్వంగానే ఉంటుంది. కాని ఒక్క క్షణం ఆలోచించండి. ఆ కథ కథానాయకుడిది. ఖాన్ ఆ కథకు కాపలాదారు. అతడి ఇంట్లో ఎవరున్నారో, అతడి చెల్లెలి పెళ్ళి సంగతి ఏమైందో మనకు తెలియదు. మరోపక్క హాస్యం పేరుతో 'నీకీ', 'నాకీ' అంటూ వంకర తెలుగు మాట్లాడే సాయిబు పాత్ర ఎన్నో సినిమాల్లో ఒక అలవాటుగా మారింది. ఇంట్లో తెలుగు తప్ప మరో భాష ఎరుగని ముస్లిం కుటుంబాలు రాయలసీమలో, కోస్తాలో ఎన్ని ఉన్నాయో ఆ సంభాషణలు రాసేవారికి తెలిసినట్లు లేదు.

1990ల నుండి గాలి మారింది. 1992లో వచ్చిన 'రోజా' తెలుగులో కూడా బాగా ఆడింది. పాటలు మనమూ పాడుకున్నాము. కాని మండుతున్న జాతీయ జెండాను కథానాయకుడు ఒంటితో ఆర్పుతున్న సన్నివేశం నడుమ నమాజు చేస్తున్న ఉగ్రవాదిని చూపించడం మాలాంటివారికి ముల్లులా గుచ్చుకుంది. ఉగ్రవాదిని చూపినందుకు కాదు మా బాధ. రోజుకు అయిదుసార్లు కోట్లాదిమంది చేసే ప్రార్థన ఆ దృశ్యంలో ఒక హెచ్చరికలా మారిపోయినందుకు.

2002లో 'ఖడ్గం' వచ్చింది. అందులో ప్రకాశ్‌రాజ్ గారు వేసిన అంజద్ దేశాన్ని ప్రేమించే ఆటో డ్రైవరు. తమ్ముడు అజహర్ ఉగ్రవాది. అంజద్ మంచివాడు కదా, ఇంకేం కావాలి అని చాలామంది అడుగుతారు. కావలసింది ఉంది. ఆ ఇంట్లో మంచివాడు మంచివాడని నమ్మించడానికి పక్కనే ఒక దుర్మార్గుణ్ణి నిలబెట్టవలసి వచ్చింది. మిగిలిన ఆటో డ్రైవర్లకు కిరాయి దొరికితే చాలు. అంజద్‌కు మాత్రం దేశభక్తి పరీక్ష కూడా ఉంది. పొరుగువాణ్ణి అడగని ప్రశ్న మనల్ని అడిగినంత కాలం, దానికి ఎంత గొప్పగా జవాబు చెప్పినా మనం నిలబడింది బోనులోనే.

2010 నాటి 'వేదం' మాకు మరో రకంగా కనిపించింది. మనోజ్ బాజ్‌పాయ్ గారు వేసిన రహీముద్దీన్ ఖురేషీ పాతబస్తీ మనిషి. అవమానాలు పడి, బతుకుదెరువు కోసం గల్ఫ్ వెళ్ళాలనుకుంటాడు. అనుమానం మీద పోలీసులు పట్టుకుంటారు. ఆ సినిమాకు మూడేళ్ళ ముందు, 2007 మే 18న, మక్కా మసీదులో పేలుడు జరిగింది. ఆ తరువాత పట్టుబడి, చివరికి నిర్దోషులుగా బయటపడిన యువకుల కుటుంబాలకు రహీముద్దీన్ కథ కల్పనలా అనిపించి ఉండదు. ఒక పెద్ద తెలుగు సినిమా ఆ గాయాన్ని గుర్తించింది. దర్శకుడు క్రిష్ గారికి ఆ గౌరవం దక్కవలసిందే. అయినా చివర రహీముద్దీన్ తనను హింసించిన పోలీసు అధికారి ప్రాణాన్నే కాపాడవలసి వస్తుంది. నిర్దోషి అని తేలడం చాలలేదు, త్యాగమూర్తి కావలసి వచ్చింది.

ఇటీవలి సినిమాలకు వద్దాం. 2022లో వచ్చిన 'ఆర్ఆర్ఆర్'లో భీమ్ ఢిల్లీలో అఖ్తర్ పేరుతో తలదాచుకుంటాడు. ఆశ్రయమిచ్చింది ఒక ముస్లిం కుటుంబం. 2020లో ఆ పాత్ర తొలి దృశ్యాలు బయటికి రాగానే నెత్తి మీది టోపీ గురించి ఎంత రాద్ధాంతం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. గుడ్డముక్కతో కుట్టిన ఒక టోపీ, అదీ మారువేషంలో, కొందరికి భరించరానిదైంది. అదే ఏడాది వచ్చిన 'సీతారామం' మాకు నచ్చిన చిత్రం. హైదరాబాదు రాకుమారి నూర్జహాన్ అందులో నాయిక. ద్వేషాన్ని దాటి ప్రేమను చూపిన కథ. కాని ఆ ప్రేమ సాగినంతసేపూ ఆమె 'సీతామహాలక్ష్మి'గానే ఉత్తరాలు రాసింది. ప్రేక్షకుడు ఆమెను ప్రేమించిన తరువాతనే నూర్జహాన్ అన్న పేరు బయటికి వచ్చింది. ఆ వరుస అలా ఎందుకు ఉండవలసి వచ్చిందో మనం ఆలోచించాలి.

ఇక 'రజాకార్'. 2024 మార్చిలో, లోక్‌సభ ఎన్నికల ముంగిట, విడుదలైంది. ఇక్కడ మా మాట స్పష్టంగా చెప్పాలి. రజాకార్ల దౌర్జన్యాలు జరిగాయి. వాటిని దాచమని ఎవరినీ కోరడం లేదు, కోరకూడదు కూడా. కాని ఆ రజాకార్లు 1948 ఆగస్టులో హత్య చేసిన షోయబుల్లా ఖాన్ ముస్లిం. 'ఇమ్రోజ్' పత్రిక సంపాదకుడిగా వారి దుర్మార్గాన్ని ప్రశ్నించినవాడు. భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్ మనుషులతో తలపడి ప్రాణాలు కోల్పోయిన షేక్ బందగీ ముస్లిం. సాయుధ పోరాటానికి గొంతునిచ్చిన మఖ్దూం మొహియుద్దీన్ ముస్లిం. పోలీసు చర్య అనంతరం సంస్థానంలో పర్యటించిన పండిత సుందర్‌లాల్ బృందం, చనిపోయినవారి సంఖ్య తక్కువలో తక్కువగా 27 వేల నుండి 40 వేల వరకు ఉంటుందని నివేదించింది. వారిలో అత్యధికులు రజాకార్లతో ఏ సంబంధమూ లేని సామాన్య ముస్లిములు. చరిత్ర చెప్పేవారు ఇవన్నీ చెప్పాలి. సగం చెప్పిన నిజం అబద్ధం కన్నా ఎక్కువ దూరం పోతుంది.

ఇదే కాలాన్ని చూపిన మరో సినిమా మనకు ఉంది. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో, బి.నరసింగరావు గారు నిర్మించిన 'మా భూమి'. 1980లో ప్రేక్షకుల ముందుకు వచ్చింది. కృష్ణచందర్ ఉర్దూ నవల దానికి ఆధారం. అందులో పల్లె నుండి పట్నం చేరిన రామయ్యకు లోకాన్ని చూపించే మిత్రుడు మక్బూల్, ఒక కార్మిక కార్యకర్త. నిజాం పాలనలోని క్రౌర్యాన్ని ఆ సినిమా ఏమాత్రం తగ్గించి చూపలేదు. అయినా అది చూసి బయటికి వచ్చినవాడికి దొర మీద కోపం వస్తుందే తప్ప పక్కింటి మౌలానా మీద రాదు. రెండు సినిమాలనూ మన పిల్లలకు పక్కపక్కన పెట్టి చూపించండి. తేడా వాళ్ళే చెబుతారు.

మరి మనకు కావలసిన సినిమా ఎలా ఉంటుంది? ఇతర భాషల నుండి రెండు ఉదాహరణలు చెబుతాము. ఎం.ఎస్.సత్యు గారి 'గరమ్ హవా' దేశ విభజన తరువాతి ఆగ్రా కథ. బల్‌రాజ్ సహానీ గారు వేసిన సలీం మీర్జా చెప్పుల కర్మాగారం నడుపుతాడు. అతడికి అప్పు పుట్టదు. సొంత ఇల్లు చేజారిపోతుంది. అద్దె ఇల్లు దొరకదు. చదువుకున్న కొడుకుకు ఉద్యోగం రాదు. తెర మీద కత్తులు, తుపాకులు లేవు. ఉన్నది మన ఇంటి ఖర్చుల లెక్క. యాభై ఏళ్ళు గడిచినా ఆ అద్దె ఇంటి వేట మనకు ఎంత పరిచయమైనదో వేరే చెప్పాలా?

రెండవది 2018 నాటి మలయాళ చిత్రం 'సుడానీ ఫ్రమ్ నైజీరియా'. మలప్పురంలో ఫుట్‌బాల్ జట్టు నడిపే మజీద్, కాలు విరిగిన నైజీరియా ఆటగాణ్ణి తన ఇంటికి తెచ్చుకుంటాడు. మజీద్ తల్లి, పక్కింటి ముసలమ్మ అతడికి సేవ చేస్తారు. భాష రాదు, అయినా కన్నబిడ్డలా చూసుకుంటారు. ఆ సినిమాలో ఎవరూ తమ దేశభక్తిని నిరూపించరు. ఆ తల్లులు తల మీద కొంగుతో వంటింట్లో తిరుగుతుంటే మన నానీలే కళ్ళ ముందు మెదిలారు.

ఇక్కడ మనకు మనమే చెప్పుకోవలసిన మాట కూడా ఒకటి ఉంది. 1982లో సాగర్ సర్హదీ గారు 'బజార్' తీశారు. పేదరికం వల్ల హైదరాబాదు ఆడపిల్లను గల్ఫ్ నుండి వచ్చిన వయసు మళ్ళినవాడికి కట్టబెట్టే కథ. అది మనల్ని చిన్నబుచ్చే సినిమా అని కోపగించుకోవడం తేలిక. కాని ఆ పెళ్ళిళ్ళు జరిగాయి. వాటిని చూపినవాడు మన శత్రువు కాడు. మన ఇంటి తప్పును ప్రేమతో చూపేవాడికీ, మన మీద ద్వేషం అమ్ముకునేవాడికీ తేడా గుర్తించలేకపోతే మన విమర్శకు విలువ ఉండదు.

ద్వేషం అమ్ముకునే సినిమా వచ్చినప్పుడు ఏం చేయాలి? నిషేధించమని రోడ్డెక్కడం వల్ల ప్రయోజనం కనిపించడం లేదు. 2013లో 'విశ్వరూపం' గొడవ ఆ సినిమాకు ప్రచారమే అయింది. 2023లో 'కేరళ స్టోరీ'ని పశ్చిమ బెంగాల్ నిషేధిస్తే సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసింది. అయితే అదే కేసులో ఒక మేలు జరిగింది. 32 వేల మంది యువతులంటూ చేసిన ప్రచారానికి ఆధారం చూపమని పట్టుబట్టినందున, ఆ లెక్కకు ప్రామాణిక సమాచారం లేదని సినిమాలోనే ప్రకటించడానికి నిర్మాతలు ఒప్పుకోవలసి వచ్చింది. ఆ చిత్రానికి తరువాత జాతీయ పురస్కారం వచ్చిన మాట నిజమే. అయినా ఆ ఒప్పుకోలు రికార్డులో ఉంది. కేకలు సాధించలేనిదాన్ని ఒక అంకె మీద వేసిన ప్రశ్న సాధించింది.

కాబట్టి మా సూచనలు చిన్నవి. సినిమా చూశాక ఇంట్లో పిల్లలతో రెండు ప్రశ్నలు వేయించండి. ఈ ముస్లిం పాత్ర రేపు పొద్దున్నే ఏ పనికి వెళుతుంది? పక్కనున్న పాత్రను అడగని రుజువును ఇతణ్ణి ఎందుకు అడుగుతున్నారు? ఈ రెండూ అలవాటైతే మన బిడ్డ తెర ముందు తల దించుకోడు. ఒక మతాన్ని కించపరిచే దృశ్యాలకు అనుమతి ఇవ్వరాదని సెన్సారు మార్గదర్శకాలలోనే ఉంది. ఎక్కడ, ఏ దృశ్యం, ఏ మాట అన్నది వివరంగా రాసి, మర్యాదగా ఫిర్యాదు చేయండి. మంచి సినిమా వస్తే టికెట్టు కొనండి. ఆ దర్శకుడికి నాలుగు మాటలు రాయండి. నిందించడానికి చూపే ఓపిక మెచ్చుకోవడానికీ చూపాలి.

చివరగా యువతకు ఒక విన్నపం. మన కథలు లేక కాదు, తెరకు ఎక్కలేదంతే. ఖదీర్‌బాబు గారి 'దర్గామిట్ట కతలు', స్కైబాబా గారి 'అధూరే', వేంపల్లె షరీఫ్ గారి 'జుమ్మా' చదవండి. ప్రతి కథలో ఒక సినిమా ఉంది. ఉగాదినాడు దేవుని కడప వేంకటేశ్వరుణ్ణి, బీబీ నాంచారమ్మను పెళ్ళాడిన అల్లుడిగా తలచి దర్శించుకునే ముస్లిం కుటుంబాలు ఉన్నాయి. నెల్లూరు బారాషహీద్ దర్గా చెరువులో నిలబడి మతాలు మరచి రొట్టెలు మార్చుకునే జనం ఉన్నారు. పల్లెల్లో పీర్లను ఎత్తుకునే హిందువులు ఉన్నారు. మీ చేతిలో ఫోను ఉంది. మీ నానీ పక్కన కూర్చుని ఆమె మాటలను, ఆమె వంటింటిని, ఆమె బీడీల చాటను చిత్రించండి. పది నిమిషాలు చాలు. మనల్ని దేవదూతలుగా చూపనక్కర లేదు. పొద్దున్నే లేచి పనికి పోయే మనుషులుగా చూపితే చాలు.