ఇంటి కుక్కకు స్నానము

హైదరాబాదునుండి నాగార్జునసాగరమునకు పోవు బాటలో మా ఇబ్రహీంపట్నమున్నది. గోలకొండను 1550 నుండి 1580 వరకు ఏలిన ఇబ్రహీం కుతుబ్ షా నాటిదని చెప్పు పెద్ద చెరువు మా ఊరికి అలంకారము. ఆ కట్టమీద సాయంకాలము తిరిగివచ్చుట మాకును, మా కుక్క మోతికిని అలవాటు. ఒక వేసవిలో మోతి చెవులలోను, కాలివ్రేళ్ళ సందులలోను పిడుదులు, అనగా మన వైపు గోమార్లనబడునవి, గుంపులుగా కనబడినవి.

ఎవరో చెప్పిరని కిరసనాయిలులో గుడ్డ తడిపి దాని ఒడలెల్ల రుద్దితిమి. మరునాటికి పొట్టక్రింది తోలు ఎఱ్ఱనై పొక్కినది. ఒళ్ళు నాకుకొనుటచే ఆ నూనె కడుపులోనికి పోయి రెండుమార్లు వాంతి చేసికొన్నది. పశువైద్యులు మమ్ము మందలించి దానికి చికిత్స చేసిరి. తోలు రెండు వారములలో మానినది. కాని బొక్కెన చప్పుడైనచో మంచము క్రింద దూరుట మానుటకు మోతికి మూడు నెలలు పట్టినది. అప్పుడు నేర్చిన పాఠమునే నేడు శ్రోతలకు విన్నవించుచున్నాము.

కుక్క తోలు మన తోలు వంటిది కాదు. దాని పైపొర మిక్కిలి పలుచన. మన చర్మమునకు కొంత ఆమ్లగుణము కలదు. కుక్క చర్మము తటస్థస్థితికి దగ్గర. కావున మన సబ్బులు దానికి పొడిబారుటను, దురదను కలిగింపవచ్చును. కుక్కల కొఱకే చేసిన షాంపూ వాడుట మేలు. కుంకుడు రసము కంటబడినచో ఎంత మంటయో మనకు తెలియనిదా? ఫినాయిలు, కిరసనాయిలు మొదలగునవి అసలే తగవు. ఒంటికి పూసినదెల్ల కుక్క నాకి మ్రింగునని మరువరాదు.

ఆరోగ్యముగా నున్న కుక్కకు సాధారణముగా నెలకొక స్నానము చాలును. మాటిమాటికి రుద్దినచో వెండ్రుకలను కాపాడు సహజమైన నూనె పోవును. కుక్కకు చెమట ముఖ్యముగా అరికాళ్ళలోనే పోయును. తాపమును అది రొప్పుచు తీర్చుకొనును. కావున వేసవిలో దానికి కావలసినది నిత్యము సబ్బు కాదు, నీడయు, త్రాగునీరును.

ముందుగా వెండ్రుకలు దువ్వవలెను. కాళ్ళు జారకుండ గోనెసంచి పరచి, గోరువెచ్చని నీటిని మెడనుండి వెనుకకు మెల్లగా పోయవలెను. చెవులలోనికి నీరు పోరాదు. ముఖమును తడిగుడ్డతో తుడిచిన చాలును. రుద్దినంతసేపటికి రెట్టింపు కాలము కడుగవలెను. బోరునీటిలో ఉప్పులు మిక్కుటమైనచో ఇంకను ఎక్కువ కడుగవలెను. చెరువులో మాత్రము సబ్బుతో కడుగరాదు. పశువులు త్రాగునదియు, చేపలు బ్రతుకునదియు ఆ నీరే కదా!

స్నానమనగా పరీక్షయు నని మా అనుభవము. చేయి తడవుచుండగా గడ్డలు, పుండ్లు, పిడుదులు తెలియును. పిడుదును చిమటాతో తోలు దగ్గర పట్టి తిన్నగా లాగవలెను; గోటితో నలుపరాదు. అది గ్రుడ్లు పెట్టునది కుక్కపై కాదు, గోడల నెఱ్ఱెలలో. కావున కుక్క పడుకొను గుడ్డలను వేడినీట ఉతికి, నెఱ్ఱెలను పూడ్పవలెను. పిడుదులవలన జ్వరము కూడ వచ్చును. కుక్క తిండి మాని, చిగుళ్ళు పాలిపోయి, ముక్కునుండి రక్తము కారినచో ఆనాడే వైద్యునికి చూపవలెను.

బెదరిన కుక్క స్నానవేళ కరవవచ్చును. కరచినచో గాయమును ధారగా పడు నీటితో, సబ్బుతో 15 నిమిషములు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోవలెను. రేబిసు లక్షణములు కనిపించిన పిమ్మట మనుష్యుడు బ్రతుకుట మిక్కిలి అరుదు. ఎంత కడిగినను ఆ రోగము కుక్కకు రాకపోదు. టీకా ఒక్కటే రక్ష.

ఇక మోతి బెదురు మాట. కొన్నాళ్ళు వట్టి బొక్కెనను పెరటిలో ఉంచి, దాని ప్రక్కనే జొన్నరొట్టె ముక్కలు పెట్టితిమి. తరువాత పాదములు మాత్రము తడిపితిమి. పిదప వీపు. ఇప్పుడు బొక్కెన నింపుచుండగా మోతి తానే వచ్చి గోనెసంచిపై నిలుచును. మా చేయి ఒకనాడు చేసిన కీడును అది మరచినదో లేదో చెప్పజాలము. మేము మాత్రము మరువలేదు.