జలుబు చేతుల మీదుగా వచ్చును
(కనిగిరి ప్రాంత పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



ధనుర్మాసపు మంచు మొదలుకాగానే ఇంటింట తుమ్ములు, దగ్గులు వినవచ్చును. చలిగాలి తగిలి జలుబు చేసినదందుము. చలి యొక్కటే జలుబును పుట్టింపజాలదు. దానికి మూలము వైరసులు. అట్టివి 200లకు పైబడి యున్నవి. చలికి తలుపులు మూసి అందరమును ఒకే గదిలో పరుండగా అవి ఒకరినుండి యొకరికి సులువుగా సోకును. ముక్కు చీదిన చేతితో బిడ్డ నెత్తుకొన్నను చాలును.

కావున సబ్బుతో చేతులు కడుగుకొనుట మొదటి రక్ష. మన ప్రాంతపు భూగర్భజలములో ఫ్లోరైడు హెచ్చని మీరెరిగినదే. ఆ నీరు త్రాగుటకు తగదు గాని చేతులు కడుగుటకు నిరభ్యంతరముగా వాడవచ్చును. అంగన్‌వాడీ కుళాయి ప్రక్కన సబ్బు ఉన్నదో లేదో వారమున కొకమారు చూచుట మీకు భారము కాదు.

జలుబు సాధారణముగా వారము, పది దినములలో తగ్గును. గోరువెచ్చని నీరు, విశ్రాంతి చాలును. మిరియాల చారు గొంతుకు హాయినిచ్చును. అంతకు మించి దానినుండి ఆశింపరాదు. సూది పొడిపించుకొననిదే తృప్తిలేనివారు మనలో పలువురు కలరు. యాంటీబయాటిక్ మందులు వైరసులపై పనిచేయవు, డబ్బు దండుగ. ఏడాది నిండని బిడ్డకు దగ్గుకని తేనె నాకింపరాదు.

ఒక్క విషయమున మాత్రము ఆలస్యము కూడదు. బిడ్డ ఏడువక నిమ్మళముగా నున్నప్పుడు నిండు నిమిషము శ్వాసలు లెక్కింపుడు. రెండు నెలలు నిండి ఏడాది లోపు బిడ్డకు 50గాని, ఏడాది మొదలు ఐదేండ్ల లోపు బిడ్డకు 40గాని, అంతకు హెచ్చుగాని యున్నను, డొక్కలెగరవేయుచున్నను, పాలు త్రాగకున్నను అది న్యుమోనియా కావచ్చును. వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను. రెండు నెలలైన నిండని బిడ్డ జబ్బుపడినచో లెక్కింపుతో పనిలేదు. అర్ధరాత్రియైనను 108కు ఫోను చేసి వాహనమును పిలువుడు.