ఉద్వేగ నిగ్రహము – ఇంటిల్లిపాదికి విద్య
(సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను వైద్యుడను కాను. మెట్రిక్ వరకు చదివి దుకాణమున కూర్చున్న వర్తకుడను. అయినను సంఘపు పనిమీద ఇంటింటి కష్టసుఖములు వినుచుండుటచేత, ఈ విషయమున నిపుణులు చెప్పినది తెలిసికొని మీ ముందుంచుచున్నాను.

మన యిండ్లలో 14 మొదలు 24 ఏండ్ల ప్రాయపు బిడ్డలు కొందరు చిన్న మాటకే పళ్లెము విసరికొట్టుదురు. తలుపు వేసికొని రెండు దినములు పలుకకుందురు. కొందరు తమ చేతిని తామే గాయపరచుకొందురు. "నేను లేకున్న మీకు సుఖము" అందురు. దీనికి మనము పొగరు, గారాబము, గాలి సోకుట అని మూడు పేర్లు పెట్టియున్నాము. పెక్కు పట్ల ఈ మూడింటిలో ఏదియు కాదు. అది ఇంకను నేర్వని విద్య. నేర్పినచో వచ్చును.

మెదడులో భయమును, కోపమును రగిల్చు భాగములు ముందుగా చురుకెక్కును. ముందువెనుకలు ఆలోచింపజేయు భాగము నుదుటి వెనుక నుండును. అది సుమారు 25 ఏండ్ల వరకు పక్వమగుచునే యుండును. కొందరికి స్వభావముచేతనే ఉద్వేగము త్వరగా లేచి, అధికముగా ఎగసి, ఆలస్యముగా చల్లారును. అట్టి బిడ్డ "ఇదియు ఒక ఏడుపేనా?" అను మాటనే నిత్యము వినుచుండినచో, తన బాధను నమ్మించుటకు మరింత బిగ్గరగా అరవక తప్పదు.

అమెరికాలో మార్షా లినెహాన్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞురాలు ఇట్టివారికై డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ అను చికిత్సను రూపొందించి, 1993లో గ్రంథస్థము చేసిరి. తాము కూడ 1961లో, 17వ యేట, మానసిక వైద్యశాలలో నుండినవారమేనని ఆమె 2011లో బహిరంగముగా చెప్పిరి. ఈ చికిత్స నాలుగు విద్యలను నేర్పును: ఉన్న క్షణమున మనస్సు నిలుపుట, గండము గడచువరకు ఓర్చుకొనుట, ఉద్వేగమును గుర్తించి మలచుకొనుట, సంబంధము చెడకుండ తన మాట చెప్పుట. నార్వేలో తమను తాము గాయపరచుకొను 77 మంది కిశోరులపై జరిపిన పరిశోధన 2014లో ప్రకటింపబడినది. ఈ చికిత్స 19 వారములు పొందినవారిలో ఆ యలవాటు తక్కినవారికంటె ఎక్కువగా తగ్గినది.

ఇందలి ఒక పద్ధతి వర్తకులకు సులభముగా బోధపడును. బిడ్డ ప్రతిదినము తన ఉద్వేగములకు చిట్టా వ్రాసికొనవలెను. ఏమి జరిగినది, ఏ భావము కలిగినది, ఎంత తీవ్రముగా నుండినది, తానేమి చేసినది అని వ్రాయవలెను. చిట్టా లేని వ్యాపారమున నష్టము ఎచ్చట వచ్చినదో తెలియదు గదా! కాని ఆ చిట్టాను పెద్దలు దొంగచాటుగా చదువరాదు.

చిట్టా వ్రాయుటకు మాటలు కావలెను. అన్నిటికిని "కోపము" అన్నచో చాలదు. ఉక్రోషము, అలక, బెంగ, దిగులు, అవమానము అని తెలుగున ఎన్ని పేర్లు లేవు! అవ్వలు, తాతలు ఈ మాటలను నేర్పుదురుగాక. మన బిడ్డలు ఇంట తెలుగు, వీధిలో మరాఠీ, బడిలో హిందీయో ఆంగ్లమో మాట్లాడుదురు. తెలుగు నిలువవలెనని కోరువారిలో నేను ముందుందును. అయినను బిడ్డ ఏడ్చుచు మరాఠీలో చెప్పినచో మరాఠీలోనే వినుడు. భాషను దిద్దుటకు అది సమయము కాదు.

కిశోరుల చికిత్సలో తల్లిదండ్రులును పిల్లల ప్రక్కన కూర్చుండి పాఠము నేర్తురు. వారికి మొదటి పాఠము: ముందు బాధను గుర్తించుట, తరువాత నడతను దిద్దుట. ఖాతాదారు కోపముతో దుకాణమునకు వచ్చినచో కూర్చుండబెట్టి, మంచినీళ్లిచ్చి, పిమ్మట లెక్క చూపుదుము. పరులకు చూపు ఈ యోర్పు కన్నబిడ్డకేల చూపము? ఫిర్యాదు వినుట వేరు, సొమ్ము వాపసిచ్చుట వేరు. బిడ్డ బాధను ఒప్పుకొన్నంతమాత్రమున కోరినదెల్ల ఇచ్చినట్లు కాదు.

2019 ఏప్రిలున తెలంగాణలో ఇంటర్మీడియటు ఫలితములు వెలువడిన పిదప 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. అట్టి గడియ దాటువరకు ప్రక్కన మనిషి యుండుట ముఖ్యము. బిడ్డ చావు మాట ఎత్తినచో కొట్టివేయక, "అట్టి ఆలోచన వచ్చుచున్నదా?" అని సూటిగా అడుగుడు. అడిగినంతమాత్రమున ఆ తలంపు పుట్టదు. పురుగుమందులు, మాత్రలు తాళములో నుంచుడు. ఒంటరిగా విడువక వైద్యునికడకు కొనిపోండు. 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టము ఆత్మహత్యకు యత్నించినవారిని తీవ్రమైన ఒత్తిడిలో నున్నవారిగా భావింపుమనుచున్నది. గాన పోలీసుల భయముతో ఆలస్యము చేయరాదు.

"సంబంధములు చెడును, నలుగురు ఏమనుకొందురు" అని దాచువారు కలరు. ఆ నలుగురము మనమే గదా! మనము ఆ మాట అనకున్నచో ఇంకెవ్వరు అనగలరు?

2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్‌కు 14416 సంఖ్యపై రేయింబవళ్లు ఉచితముగా ఫోను చేయవచ్చును. తెలుగులోను, మరాఠీలోను మాట్లాడవచ్చును. విశాఖపట్టణమున జరిగిన ఒక విద్యార్థిని మృతి వ్యాజ్యములో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పిచ్చుచు, 100 మంది గాని అంతకు మించి గాని విద్యార్థులున్న విద్యాసంస్థలలో శిక్షణ పొందిన సలహాదారు ఉండవలెనని ఆదేశించినది. మీ పిల్లల బడికి పోయి, "ఆ సలహాదారు ఎవరు?" అని అడుగుడు.

సంఘమునకు నా ప్రతిపాదన ఒకటే. మన చంద్రపురమున 2015 నుండి ప్రభుత్వ వైద్య కళాశాల కలదు. అచ్చటి మనోవైద్యులను ఆహ్వానించి, తల్లిదండ్రులను, పిల్లలను ఒకే చాపపై కూర్చుండబెట్టి పాఠము చెప్పింతము. మన పూర్వులు గనులకును, వ్యాపారమునకును ఈ గడ్డకు వచ్చి, తెలియని భాషను పెద్దతనమున నేర్చుకొనిరి. మన బిడ్డల మనస్సు మాటలాడు భాషను మనము నేర్వలేమా?