దండారీ వరుస తప్పొద్దు: ముక్కల వీడియోలను ఒకే సినిమాగా కూర్చడం

(యువజన శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)

 

దీపావళి వచ్చిందంటే మన గూడేల్లో ప్రతి చేతిలో ఫోను ఉంటుంది. భోగి పూజ ఒకరు తీస్తారు, దండారీ బృందం పొరుగూరికి బయల్దేరడం మరొకరు, రాత్రి ఆట ఇంకొకరు, చివరి కోలబోడి మరొకరు. ఎవరి ముక్క వాళ్లు వాట్సాప్‌లో పెడతారు. వారం తిరిగేసరికి అవి ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు. ఆ ముక్కలను ఒకే సినిమాగా ఎలా కలపాలన్నదే ఈ రోజు మన మాట.

1940వ దశకంలో హైమండార్ఫ్ మార్లవాయిలో ఉండి మన జీవితాన్ని రాశారు. ఆయన ఫిల్ములు లండన్‌లోని సోయాస్‌లో భద్రంగా ఉన్నాయి. అప్పుడు కెమెరా బయటివారి చేతిలో ఉంది. ఇప్పుడు కెమెరా మనదే, కత్తెరా మనదే. గుస్సాడీ ఆటకు 2021లో పద్మశ్రీ తెచ్చిన మార్లవాయి కనకరాజు తాత 2024లో మనల్ని విడిచి వెళ్లారు. ఆట తెలిసిన పెద్దలు ఉండగానే వాళ్లను అడిగి ఈ పని చేసుకోవాలి.

ముందు ఒక సంగతి. ఎడిటింగ్‌లో ఒక్కో ఘట్టానికి కట్టుకునే టైమ్‌లైన్‌ను సీక్వెన్స్ అంటారు. చాలామంది ఒక్కో ఘట్టాన్ని విడిగా ఎంపీ4గా ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ ఫైళ్లను మళ్లీ అతికిస్తారు. ఇలా చేస్తే బొమ్మ రెండుసార్లు నలిగి నాణ్యత తగ్గుతుంది. పైగా మధ్యలో ఒక తప్పు కనిపిస్తే పని మళ్లీ మొదటికొస్తుంది. అందుకే సీక్వెన్సులను సీక్వెన్సులుగానే ఉంచాలి. 'భోగి', 'ప్రయాణం', 'విడిది', 'కోలబోడి' అని పేర్లు పెట్టుకుని, 'మొత్తం' అనే కొత్త టైమ్‌లైన్ తెరిచి అందులోకి వరుసగా లాగి వేయాలి. దీన్నే నెస్టింగ్ అంటారు. తర్వాత 'భోగి'లో ఏదైనా సరిచేస్తే 'మొత్తం'లోనూ అదే సరవుతుంది. డావిన్చి రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లో ఈ సౌకర్యం ఉంది. పూర్తిగా ఉచితమైన కెడెన్‌లైవ్‌లో 2023 నుంచి ఉంది.

కలిపే ముందు మూడు కొలతలు సరిచూసుకోవాలి.

మొదటిది సైజు. అందరూ ఫోను అడ్డంగా పట్టి 1920×1080లో తీయాలి. నిలువుగా తీస్తే రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి.

రెండోది ఫ్రేమ్ రేటు. ఒకరు 30లో, ఇంకొకరు 60లో తీస్తే కదలిక అతుకులా కనిపిస్తుంది. చాలా ఫోన్లు ఫ్రేమ్ రేటును తమంతట తామే హెచ్చుతగ్గులు చేస్తుంటాయి. అందువల్ల క్లిప్ సాగేకొద్దీ ఢోల్ దెబ్బ ఒకచోట, అడుగు ఇంకోచోట పడతాయి. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 'కాన్‌స్టాంట్ ఫ్రేమ్‌రేట్' ఎంచి, అన్నింటినీ 30కి మార్చుకోండి. రిజాల్వ్‌లో క్లిప్పులతో టైమ్‌లైన్ మొదలుపెట్టాక ప్రాజెక్టు ఫ్రేమ్ రేటు మార్చనివ్వదు. అందుకే ఈ పని ముందే చేయాలి.

మూడోది శబ్దం. ఢోల్, తుడుం, పేప్రె దగ్గర ఫోను పెడితే శబ్దం పగిలిపోతుంది. రికార్డింగ్‌లోనే పగిలినదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయలేదు. కొంచెం దూరంగా నిలబడి తీయండి. ఎడిటింగ్‌లో అతి పెద్ద దెబ్బ కూడా మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూడండి. ఒక ఘట్టం నుంచి ఇంకో ఘట్టానికి వెళ్లేచోట శబ్దాన్ని ఒకటి రెండు సెకన్లు కలిపి మెల్లగా మార్చండి.

ఇవన్నీ సాఫ్ట్‌వేర్ సంగతులు. వరుస మాత్రం సాఫ్ట్‌వేర్ చెప్పదు. బాగుంది కదా అని కోలబోడి దృశ్యాన్ని మొదట్లో పెడితే, దీక్ష మొదలుకాకముందే ముగించినట్టు అవుతుంది. గుస్సాడీలు దీక్షలో ఉన్నన్ని రోజులు స్నానం చేయరు. ఒంటిమీది బూడిద, చెమట చూసి అది ఏ రోజు ఆటో పెద్దలు ఇట్టే చెబుతారు. రోజులు తారుమారైతే వాళ్ల కంటికి దొరుకుతాయి. అలాగే ఒక ఊరి అడుగు కింద ఇంకో ఊరి వాయిద్యం వేయవద్దు. దెబ్బ సగంలో కోయవద్దు, వరుస పూర్తయ్యాకే కట్ చేయండి. సినిమా పాట అసలే వద్దు.

పూజ ఘట్టాల్లో ఏది చూపవచ్చో, ఏది చూపకూడదో మనం తేల్చేది కాదు. తక్కువ సైజులో ఒక చిత్తుప్రతి తీసి పటేల్‌కు, దేవారికి, ఆడిన వాళ్లకు, ఇంట్లో అవ్వలకు చూపించండి. వాళ్లు ఆపమన్న చోట నిమిషం, సెకను రాసుకోండి. తీసేయమన్నది తీసేయండి. ఆ తర్వాతే ఫైనల్ ఎక్స్‌పోర్ట్.

పేర్లు మన లిపిలో వేద్దాం. గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. నోటో ఫాంట్ ఉచితంగా దొరుకుతుంది. ఎడిటర్‌లో అక్షరాలు విడిపోతే, పేరును వేరేచోట రాసి, వెనక రంగు లేని పీఎన్‌జీ బొమ్మగా తెచ్చి పెట్టండి. కింద తెలుగులోనూ రాయండి.

చివరి మాట. ప్రాజెక్టు ఫైల్‌లో వీడియోలు ఉండవు, అవి ఎక్కడున్నాయన్న చిరునామాలే ఉంటాయి. ఫోను నిండిందని అసలు క్లిప్పులు చెరిపేస్తే తెరమీద ఎర్రగా 'మీడియా ఆఫ్‌లైన్' అని మిగులుతుంది. క్లిప్పులు, ప్రాజెక్టు, ఫాంట్లు ఒకే ఫోల్డర్‌లో పెట్టి రెండు హార్డ్‌డిస్కుల్లో దాచండి. ఒకటి మీ ఊళ్లో, ఒకటి మీరు ఆడి వచ్చిన ఊళ్లో ఉంచండి. దండారీ రెండూళ్లను కలిపే పండుగ. సినిమా కూడా రెండూళ్లదీ కావాలి.

వచ్చే దీపావళికి ప్రతి గూడెం నుంచి ఒక్క పూర్తి సినిమా రావాలి. మేము సాయానికి ఉన్నాం.

జై సేవా!