చర్మపరీక్ష చెప్పు సాక్ష్యము



మా బెల్లంపల్లి ప్రాంతమున వరికోతలు, పత్తితీతలు సాగు దినములలో తుమ్ములు, ఆయాసము, దురద పలువురిని బాధించుచుండును. తనకు సరిపడని దేదో తెలిసికొనగోరువారికి వైద్యులు చేయు పరీక్షలలో చర్మపరీక్ష యొకటి. పుప్పొడి, బూజు, కంటికి కానరాని దుమ్ముపురుగు మున్నగువాని సారములను ముంజేతిపై ఒక్కొక్క బొట్టుగా నుంచి, సూదిమొనతో పైపైన గ్రుచ్చి, 15 మొదలు 20 నిమిషములకు లేచిన దద్దురును కొలుతురు. ఇంగ్లండు వైద్యుడగు చార్లెస్ బ్లాక్లీ పుప్పొడిని తన చర్మముమీదనే రుద్ది చూచి, ఆ వృత్తాంతమును 1873లో గ్రంథముగా ప్రకటించెను.

నే నొకమారు జలుబునకు సెట్రిజిన్ మాత్ర వేసికొని, రెండవ దినముననే పరీక్షకు పోతిని. ఒక్క దద్దురైనను లేవలేదు. నాకే దోషమును లేదని సంతోషించితిని. అంతట వైద్యుడు హిస్టమిన్ బొట్టు పెట్టిన చోటు చూపెను, అదియు ఉబ్బలేదు. మందు అడ్డుపడనిచో ఆ బొట్టునకు చర్మ ముబ్బవలెను, ఉప్పునీటి బొట్టునకు ఉబ్బరాదు. ఈ యిద్దరు సాక్షులను విచారింపక తీర్పు చెప్పుట పంచాయతీలోనైనను చెల్లదు గదా! గీసినంతనే పొంగు చర్మము కలవారికి ఉప్పునీటికే దద్దురు లేచును. వారి పరీక్షయు నమ్మదగినది కాదు. ఉప్పునీటి దద్దురుకంటె 3 మిల్లీమీటర్లైనను పెద్దదైనదానినే సామాన్యముగా లెక్కింతురు.

అట్టి మాత్రలను సాధారణముగా వారము ముందే ఆపింతురు. కొన్ని దగ్గుమందులలోను, నిద్రమందులలోను ఆ గుణమే దాగియుండును. కావున వాడు మందులన్నియు మూటగట్టి వైద్యునికి చూపవలెను. రక్తపుపోటు మందును మనంతట మనము మానరాదు. వృద్ధుల చర్మము ఒకింత మందముగా జవాబిచ్చును. నల్లని మేనిపై ఎరుపు కానరాదు. వ్రేలితో తడిమియే దద్దురు నెరుగవలెను.

దద్దురు లేచినను రోగము నిశ్చయము కాదు. పల్లికాయ సారమునకు ఉబ్బినవాడు ఆ కాయలనే ఏండ్ల తరబడి సుఖముగా తినుచుండవచ్చును. అట్టివానిచే వాని నూరక మానిపించుట అన్యాయము.

గనిలో బొగ్గుదుమ్ము పీల్చి ఊపిరితిత్తులు చెడినవారికి ఈ పరీక్షవలన ఫలము లేదు. వారికి ఎక్స్‌రే, శ్వాసపరీక్ష కావలెను. వయ్యారిభామ మొక్క తగిలి చర్మము పగిలినవారికి వీపున పట్టీ అంటించి, రెండు దినములకును, మరల నాలుగు దినములకును చూచు పరీక్ష వేరుగా కలదు.

రెండవమారు మాత్ర మాని పోయినప్పుడు నాకు దుమ్ముపురుగు బొట్టు ఉబ్బెను. పరుపు దులిపిన ప్రతి దినమున నాకు తుమ్ములు వచ్చుట అప్పుడు జ్ఞప్తికి వచ్చెను.