గూడబాతు నీళ్లు వదిలే వేళ

కె.కె. నీలకంఠన్ కేరళవాడు. ఇంగ్లీషు పాఠాలు చెప్పిన మాస్టారు, ‘ఇందుచూడన్’ పేరుతో మలయాళంలో పక్షుల గురించి రాసిన రచయిత. ఆయన్ని ఏలూరులో ఎందుకు తలుచుకోవాలంటే, కారణం కొల్లేటి పక్కనే ఉంది. పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు దగ్గర చెట్ల మీద గూడబాతులు వేల సంఖ్యలో కాపురం ఉండడం 1946లో ఆయన కంటపడింది. అప్పుడక్కడ దాదాపు 3000 పక్షులు. 1949లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో ఆ వ్యాసం అచ్చయింది. ఊరివాళ్లకు ఇందులో కొత్తేమీ లేదు, తెలియనిదల్లా బయటి లోకానికే.

అంతకుముందు దాఖలాలు లేకపోలేదు. ఊరి నడుమ పొట్టి చెట్ల మీద, మనుషులను లెక్కచేయకుండా గూళ్లు కట్టుకున్న గూడబాతుల గురించి పంతొమ్మిదో శతాబ్దంలోనే పక్షి శాస్త్రవేత్త జెర్డన్ రాశాడు. 1902లో కడప జిల్లాలో రేనియస్ అనే ఆయన మరో పెద్ద కాలనీ చూశాడు. నీలకంఠన్ తరవాత అస్సాం తేయాకు తోటల నుంచి ఇ.పి. జీ వచ్చారు. అడవి జంతువుల ఫోటోలకు పేరున్న మనిషి. గూడబాతులు గుడ్లు పెట్టి పిల్లల్ని సాకే తీరు మీద ఆయన వ్యాసం 1960లో వెలువడింది.

ఆ తరం ఫోటోగ్రాఫర్లు ఎక్కువగా గూళ్లనే ఎందుకు తీశారు? గూటికి తిరిగొచ్చే పక్షి ఎక్కడ వాలుతుందో ముందే తెలుసు. అక్కడికి ఫోకస్ సరిచేసి పెట్టుకుని కూర్చోవచ్చు. ఎగిరే పక్షి ఆ వెసులుబాటు ఇవ్వదు. ఫిల్ము వేగం తక్కువ, రోలుకు ముప్పై ఆరు బొమ్మలే. ఫోకస్ రింగు తిప్పుతూ ఉండగానే పక్షి దాటిపోయేది.

ఎగిరే పక్షిని కెమెరాలో పట్టాలన్న పంతం మాత్రం పాతదే. ఫ్రాన్సులో ఎతియెన్ జూల్ మరే అనే శరీరధర్మ శాస్త్రవేత్త 1882లో తుపాకీ ఆకారంలో ఒక కెమెరా చేయించాడు. గుండు లేదు, మీట నొక్కితే క్షణానికి పన్నెండు బొమ్మలు. అదే కాలంలో గూడబాతు జాతి పక్షి ఒకటి ఎగురుతుంటే, రెక్క కదలికలోని దశలన్నీ ఒకే ఫోటోలోకి వచ్చేలా తీశాడు. ప్రపంచంలో ఎగిరే పక్షుల తొలి ఫోటోల్లో ఒకటి కొల్లేటి పక్షికి చుట్టానిది కావడం మనకు ముచ్చటే. ఆ తరవాత నూరేళ్ల పాటు పని చెయ్యి వాటం మీదే నడిచింది. 1985లో మినోల్టా కెమెరా లోపలే ఆటోఫోకస్ అమర్చాక కథ మారింది, డిజిటల్ వచ్చాక ఖర్చు భయం కూడా పోయింది.

విచిత్రమేమిటంటే, యంత్రాలు చేతికి అందుతున్న కాలానికే ఆరేడు కాలనీ లేకుండా పోయింది. 1970ల మధ్యకల్లా ఆ చెట్లు బోసిపోయాయి. కొల్లేరు సరస్సులో చేపల చెరువుల గట్లు లేచాయి. 1999లో 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ గుర్తింపు దక్కింది, 2006లో గట్లు కొట్టారు. గూడబాతులు మాత్రం తమ దారి తామే చూసుకుని కైకలూరు పక్కన ఆటపాకలో చేరాయి. అటవీ శాఖ నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద కూడా గూళ్లు పెట్టాయి. ఫోటోలో ఇనుప కమ్ములు పడుతున్నాయని నసిగేవారు ఆ కమ్ముల మీద పెరిగిన పిల్లల్ని చూసి సర్దుకోవాలి.

ఆటపాక చెరువు గట్టు మీద తెల్లవారి నిలబడితే గూడబాతు లేవడం దగ్గరగా కనిపిస్తుంది. నాలుగైదు కిలోల ఒళ్లు అది. రెండు కాళ్లూ జోడించి నీటిని తన్నుతూ, రెక్కలు ఝాడిస్తూ కొంత దూరం పరుగులాంటిది తీస్తుంది. ప్రతి తన్నుకీ నీళ్లు చిమ్ముతాయి. తీరా పైకి లేచాక మెడ మడిచి, ముక్కును గుండెకు ఆనించుకుని తీరిగ్గా సాగిపోతుంది. లేచినా వాలినా గాలికి ఎదురుగానే. శీతకాలం పొద్దుట ఈశాన్య గాలి ఉంటే, తూర్పు గట్టున సూర్యుడికి వీపు పెట్టిన ఫోటోగ్రాఫర్ వైపే పక్షి వస్తుంది. నల్లని నీళ్ల మీద ఎక్స్‌పోజరు కెమెరాకే వదిలేస్తే తెల్లని ఈకలు సున్నం పూసినట్టు వెలిసిపోతాయి. కొంచెం తగ్గించి తీస్తే రెక్క కింది బూడిద రంగు, పైముక్కు అంచున వరసగా ఉన్న మచ్చలు తేలతాయి.

కొందరు పడవ మోటారు హోరెత్తించి, చప్పట్లు కొట్టి పక్షుల్ని లేపుతారు. పక్షి ఎందుకు లేచిందో ఆ ఫోటోలోనే తెలిసిపోతుంది: మందంతా చెల్లాచెదురు, తోకలన్నీ కెమెరా వైపే. గూటి మీది తల్లి లేస్తే బోడిపిల్లలు ఎండకు మాడతాయి, గుడ్లు కాకుల పాలవుతాయి. అలాంటి ఫోటో ఎంత బాగున్నా ఏ ఫోటో పోటీలోనూ నిలబెట్టకూడదు.

ఎగిరే పక్షి ఫోటో అందానికే కాదు, దాఖలాకూ పనికొస్తుంది. హిమాలయాలు దాటి దక్షిణాదికి వచ్చే బార్ హెడెడ్ గూస్ అనే అడవిబాతులకు మంగోలియాలో మెడపట్టీలు తొడిగారు. వాటిలో కొన్నిటిని కర్ణాటక చెరువుల దగ్గర పట్టీ మీది అక్షరాలతో సహా గుర్తుపట్టారు. కొల్లేటి ఫోటోలు సెల్‌ఫోన్లలో లక్షలు తిరుగుతున్నాయి. చాలా వాటికి తేదీ లేదు, ఏ గట్టు మీద తీశారో లేదు. నీలకంఠన్ రాసిపెట్టబట్టే 1946 నాటి సంఖ్య ఇవాళ మనకు అందింది. ఆటపాకలో రేపు పొద్దున్న ఫోటో తీసేవారు ఊరు, తేదీ, గాలి ఎటు ఉందో ఫోటో కింద రాయడంతో మొదలుపెట్టవచ్చు.