బ్లూ టిక్ పడింది, రిప్లై రాలేదు: కనాను స్త్రీ

ఈ రోజు బైబిల్లో పేరు కూడా రాయబడని ఒక తల్లి గురించి మాట్లాడుకుందాం. మత్తయి సువార్త 15వ అధ్యాయం, 21 నుంచి 28 వచనాలు. బైబిల్ యాప్ ఉంటే ఓపెన్ చేసి పెట్టుకోండి.

యేసు తూరు, సీదోను ప్రాంతానికి వెళ్లారు. ఇప్పటి లెబనాన్‌లో ఉన్నాయి ఆ ఊళ్లు. అక్కడి కనాను స్త్రీ ఒకామె కేకలు వేస్తూ వచ్చింది. కూతురికి దయ్యం పట్టి అల్లాడిపోతోంది. చూడండి, ఆమె కరుణించమని అడిగింది కూతురిని కాదు, తనని. బిడ్డ బాధ అమ్మకి వేరేగా ఉండదు కదా.

యేసు ఏమన్నారు? ఒక్క మాట కూడా అనలేదు. మెసేజ్ వెళ్లింది, బ్లూ టిక్ పడింది, రిప్లై రాలేదు.

బీటెక్ అయ్యాక నేను ఉద్యోగం కోసం తిరిగిన రోజుల్లో, రిజెక్ట్ చేసిన కంపెనీల కన్నా ఇంటర్వ్యూ చేసి ఏ సంగతీ చెప్పనివే ఎక్కువ ఏడిపించాయి. కాదంటే ఒక రోజు ఏడ్చి ఊరుకుంటాం. మౌనాన్ని ఏం చేసుకుంటాం?

శిష్యులేమో ఆమెని పంపించేయమన్నారు. అప్పుడు యేసు, తాను వచ్చింది ఇశ్రాయేలులో తప్పిపోయిన గొర్రెల కోసమే అన్నారు. మనమైతే ఇక్కడే లాగౌట్. ఆమె మాత్రం ఇంకా దగ్గరికి వచ్చి మొక్కింది. దూరం నుంచి అరిచిన మనిషి, కాదన్నాక దగ్గరికొచ్చింది!

(ఇది విని, వద్దన్న అమ్మాయి వెంట పడటానికి వాక్యం దొరికింది అనుకోకండి బ్రదర్స్. ఆమె అడిగింది బిడ్డ ప్రాణం.)

తర్వాత మాట ఇంకా కష్టం. పిల్లలకి పెట్టాల్సిన రొట్టె కుక్కపిల్లలకి వేయడం సరికాదన్నారు యేసు. గ్రీకులో ఉన్నది చిన్న కుక్క అనే అర్థం వచ్చే పదం, వీధి కుక్క కాదు అని వివరిస్తారు. నిజమే. కానీ చిన్నదైనా గుచ్చుకుంటుంది, గుచ్చుకోదని నేను చెప్పను. ఆమె ఆ మాటని తోసేయలేదు, అందులోనే తలుపు వెతికింది. బల్ల కింద పడే ముక్కలు కుక్కపిల్లలూ తింటాయి కదా ప్రభువా అంది. అంటే, బల్ల కింద ఉన్నా ఇంట్లోనే ఉన్నట్టు కదా! నాకైతే పట్టుదల అంటే ఇదే. గొంతు పెంచడం కాదు, అవతలివాళ్ల మాట పూర్తిగా వినడం.

14వ అధ్యాయంలో నీళ్ల మీద నడిచిన పేతురుకి యేసు ఇచ్చిన పేరు అల్పవిశ్వాసి. ఒక్క అధ్యాయం తిప్పితే, ఈ అన్యస్త్రీ విశ్వాసం గొప్పదన్నారు.

ఇదే సంగతి మార్కు 7లో ఉంది. దయ్యం వదిలిపోయింది, ఇంటికి వెళ్లమన్నారు. ఆయన ఆమెతో రాలేదు, పాపని ముట్టుకోలేదు. వీడియో కాల్ చేసి చూసుకోవడానికి ఫోన్ లేదు. చేతిలో ఉన్నది ఒక్క మాట. అది పట్టుకుని ఆ దారంతా నడిచింది. ఇంటికెళ్లి చూస్తే, పాప మంచం మీద పడుకుని ఉంది.